సముద్రం ముక్క

సోమేశ్‌కు బోర్డులు రాయడం బతుకుతెరువు, ఆటలు కట్టడం పిచ్చి. నర్సీపట్నంలో సగం కొట్లకు పేర్లు రాసిన చేత్తోనే, ఒక చెక్కపలక మీద మన్యం కొండల నుంచి సంత దాకా దారి గీశాడు. గవ్వలు వేసి కాయ నడపాలి. ఎర్రగడిలో పడితే చీటీ తీసి, అందులోని కథ పైకి చదవాలి. ఎలుగుబంటి తరుముతుంది, తేనెపట్టు దొరుకుతుంది. మొదటి ఏడాది ఇరుగుపొరుగు ఎగబడి ఆడారు. రెండో ఏడాదికి అందరికీ కంఠతా వచ్చేసి, చీటీ విప్పకముందే "ఎలుగుగొడ్డే, పరిగెట్టు" అనేవారు. ఆట పాత చింతకాయ పచ్చడి అయిపోయింది.

అప్పుడతను పలకకు ఇంకో ముక్క అతికించాడు, అందులో తాండవ నది. చిత్రమేమిటంటే, కొత్త ముక్క చేరేసరికి పాత చీటీలకూ ప్రాణం వచ్చింది. నిన్నటిదాకా ఎందుకూ కొరగాని వెదురుబొంగుల చీటీ ఏరు దాటించే తెప్ప అయి కూర్చుంది. పొరుగువాళ్లు మళ్లీ వచ్చారు. సోమేశ్ రుచి మరిగాడు. తొంభై ఎనిమిదిలో, కార్తీకమాసం ముసురులో, మూడో ముక్క తయారుచేశాడు. ఈసారి సముద్రం. చేపల వేటకెళ్లే వాళ్లింట్లో పుట్టాడన్న మాటే గాని, తండ్రి ఎప్పుడో ఎండుచేపల కొట్టు పెట్టుకుని ఈ ఊరొచ్చేశాడు. సముద్రం గురించి సోమేశ్‌కు తెలిసింది ఆ వాసన వరకే.

అత్తగారు అప్పయ్యమ్మ సముద్రపొడ్డు పల్లె నుంచి ఎండుచేపల గంపతో సంతకొచ్చి, గాలివానకు బస్సులు ఆగిపోయి, కూతురు పావని దగ్గర చిక్కుకుపోయింది. ఆమె కొడుకు బంగారురాజు, వాడి జతగాడు చంటి ఒకే బోటులో వేటకు వెళ్లారు. రేడియోలో తుఫాను కబురొచ్చేసరికే దూరం పోయారు, ఇంకా ఒడ్డు చేరలేదు. అత్త మనసు మళ్లించాలని సోమేశ్ పలక పరిచాడు. కొత్త ముక్క చూపించుకోవాలన్న దురద కూడా లేకపోలేదు.

అప్పయ్యమ్మ ఎప్పుడూ కొడుకు పేరు మీదే కాయ పెడుతుంది. గవ్వలు వేసింది, నీలం నీళ్ల మధ్య ఎర్రగడిలో పడింది, చీటీ తీసింది. ఆమెకు చదువు రాదు. పావని చీటీ అందుకుని చూసి, మొహం తిప్పుకుంది.

"ఇది వొద్దమ్మా, ఇంకోటి తియ్యి."

"నేను చదువుతానుండు," అని సోమేశ్ లాక్కుని, నాటకంలోలా గొంతు పెంచి చదివాడు. "సుడిగాలి! బోటు మునిగింది. ఆట నుంచి తప్పుకో."

మగవాళ్లు వేట మీద ఉండగా ఆ ఇళ్లల్లో ఆ మాట ఎవరూ అనరు. బిందె బావిలో పడినా 'దిగింది' అంటారు గాని, మునిగిందనరు. అత్త మొహం చూశాక గాని ఆ సంగతి అల్లుడి బుర్రకెక్కలేదు. చీటీ చింపబోతే అప్పయ్యమ్మ అతని మణికట్టు పట్టుకుంది.

"సింపకు! సింపితే నా కొడుకు అందులోనే ఉండిపోతాడు. రాసింది నువ్వు గాదా? తర్వాతేటైందో కూడా నువ్వే రాయి. బేగి రాయి."

రాశాడు. ఓడవాళ్లు చూసి తాడు వేశారని రాశాడు.

"ఓడెక్కించీసి ఒగ్గేస్తావేటి అల్లుడూ? తడిబట్టల్తో ఉన్నాడు గదా!"

పొడిబట్టలు రాశాడు. వేడి గంజి రాశాడు, నంజుకోడానికి ఎండుచేప రాశాడు. పలక చాలక పెళ్లిశుభలేఖల వెనక గడులు గీసి నేల మీద పేర్చాడు. వడ్డించేవాడు మనవాడైతే ఏ బంతిలో కూర్చుంటేనేం! మధ్యమధ్యలో ఎస్టీడీ బూత్‌కు పరిగెత్తి, పల్లెలో ఫోనున్న కొట్టుకు చేసేవాడు. లైను కలిసేది కాదు. పావని అతనితో మాట్లాడటం మానేసింది. బావమరిదికి ఏమైనా అయితే ఇక ఆమె మొహం ఎలా చూడాలన్నదే అతని భయం.

ముసురు విడిచిన రోజున బూత్‌కే ఫోనొచ్చింది. "నేనే బావా, బతికే ఉన్నాను," అన్నాడు బంగారురాజు. సోమేశ్ చెప్పులు అక్కడే వదిలేసి ఇంటికి పరుగెత్తాడు. అప్పయ్యమ్మ ఏడ్చి, నవ్వి, పలకకు దండం పెట్టింది.

బస్సులు తిరగగానే తల్లిని తీసుకెళ్లడానికి బంగారురాజు వచ్చాడు. కళ్లు లోపలికి పోయి ఉన్నాయి. అన్నం ముందు కూర్చున్నాడే గాని కలపలేదు. తల్లికి మాత్రం సంబరం ఆగలేదు.

"సూడరా, మీ బావ నిన్నెలాగ ఒడ్డెక్కించీసినాడో! సదవ్వే పావనీ."

పావని చీటీలన్నీ వరసగా చదివింది. ఓడ, తాడు, పొడిబట్టలు, గంజి. బంగారురాజు తల వంచుకుని చివరిదాకా విన్నాడు.

"ఒక తాడేనేటి బావా?" అన్నాడు మెల్లగా. "సంటిగాడు నా పక్కనే ఉన్నాడు గదా. తెల్లారేదాకా నా సెయ్యట్టుకునే ఉన్నాడు. తెల్లారినాక జారిపోనాడు."

సోమేశ్ చీటీలన్నీ మళ్లీ తిరగేశాడు, చంటి పేరు ఎక్కడా లేదు. ఫోనులో కూడా చంటి ఏమయ్యాడని తాను అడగలేదు.

"సంటిగాడి అమ్మ ఈపాటికి మనింటి గుమ్మంలోనే కూకుని ఉంటాది," అంది అప్పయ్యమ్మ. బస్సుకు వేళవుతోందని పావని రెండుసార్లు చెప్పినా ఆమె లేవలేదు.