టిల్లరీని ఇచ్చేద్దామా?

టిల్లరీ జోలికి ఎవరొచ్చినా ముందుగా అడ్డుపడేది ఆర్విల్ ప్రూయిట్. ఊరూరా తిరిగి ఆటగాళ్లను వెతికిపెట్టే ఆ పెద్దాయనే, ఇండియానాలోని ఓ చిన్న కాలేజీలో డెవాన్ టిల్లరీని చూసి మిల్వాకీ బాస్కెట్‌బాల్ జట్టుకు తెచ్చాడు. ఆట మొదలుపెట్టే మొదటి ఐదుగురిలో టిల్లరీ ఎప్పుడూ లేడు. బెంచి మీంచి లేచి వచ్చి, అవతలి జట్టులో మొనగాడెవడో వాణ్ని కాసేపు ఊపిరి తీసుకోనివ్వడు. అందుకే జనం అతన్ని నెత్తిన పెట్టుకున్నారు.

ఆ ఫిబ్రవరిలో పశ్చిమ తీరపు జట్టొకటి అతన్ని అడిగింది. బదులుగా బుట్ట దగ్గర కాపుండే ఏడడుగుల సెంటర్ ఆటగాణ్ని ఇస్తామంది.

"ఎత్తు లేకే ఓడుతున్నాం. ఇచ్చేద్దాం," అన్నాడు కోచ్ యాంకోస్కీ.

"జనం మనల్ని పచ్చిగా నమిలేస్తారు," అన్నాడు ఆర్విల్.

మేనేజర్ రెనాటా వాస్ నవ్వింది. "జనం చప్పట్లే కొడతారు ఆర్విల్, పాయింట్లు కొట్టరు."

"వాడికి ఈ ఊరంటే ప్రాణం. గెంటేస్తే తట్టుకోలేడు."

రెనాటా చేతిలోని ఫైలు మూసింది. "సరే, వాణ్ని తెచ్చింది మీరు. రేపు పొద్దున మీరు కాదంటే ఇక ఆ మాటెత్తను."

వాడికి ధైర్యం చెప్పాలని ఆర్విల్ తిన్నగా టిల్లరీ ఇంటికి వెళ్లాడు. టిల్లరీ వాకిట్లో మంచు ఎత్తిపోస్తున్నాడు.

"రేడియోలో వాగేవి పట్టించుకోకు తమ్ముడూ. నేనుండగా నిన్నెవరూ కదపలేరు. ఇదివరకూ అడిగారు, నేనే సాగనివ్వలేదు."

టిల్లరీ పార ఆపేశాడు. "ఇదివరకూ అంటే?"

"పోయినేడు ఒకళ్లు, అంతకుముందు ఇంకొకళ్లు."

"వాళ్లు నన్ను మొదటి ఐదుగురిలో ఆడిస్తామన్నారా?"

"అన్నారనుకో. కానీ ఇక్కడ నీకున్న పేరు..."

"పేరెవరికి కావాలి పెద్దాయనా? నాకు ఆట కావాలి. ముప్పై దాటాను, ఈ మోకాళ్లు ఇంకెన్నాళ్లుంటాయి? కాసేపు పరిగెత్తించి, చప్పట్లు కొట్టి, మళ్లీ కూర్చోబెడతారు. అందరూ నా గురించి వాదించుకుంటారు. నన్నొక్కరూ అడగరు. మీరూ అడగలేదు."

అతని గొంతులో కోపం లేదు. అదే ఆర్విల్‌ని ఎక్కువగా బాధించింది. చలికి చేతులు రుద్దుకుంటూ, "ఇప్పుడు అడుగుతున్నాను. వెళ్తావా?" అన్నాడు.

"మా ఆవిడ ఈ చలిని తిట్టని రోజు లేదు," అని టిల్లరీ చిన్నగా నవ్వాడు. "వెళ్తాను."

మర్నాడు ఆర్విల్ 'ఇచ్చేయండి' అనేసరికి యాంకోస్కీ నమ్మలేక రెండుసార్లు అడిగాడు. ఊరు మాత్రం భగ్గుమంది. ఆర్విల్ రోజూ టీ తాగే హోటల్లో వడ్డించే బెర్నీస్ అయితే, "మీ ఆఫీసులో ఒక్కడికైనా గుండె లేదా?" అని కప్పు ఠక్కున పెట్టిపోయింది. ఆయన టీ తాగి, డబ్బులు పెట్టి లేచాడు.

మార్చిలో టిల్లరీ కొత్త జట్టు మిల్వాకీ వచ్చింది. మొదటి ఐదుగురిలో టిల్లరీ పేరు పిలవగానే హాలు హాలంతా లేచి నిలబడింది. గెలుపు మాత్రం, ఏడడుగుల కొత్తవాడి పుణ్యమా అని, మిల్వాకీదే.

ఆట అయ్యాక నడవాలో ఆర్విల్‌కి ఎదురైన టిల్లరీ చెమటతో ముద్దయి ఉన్నాడు.

"దాదాపు ఆటంతా నేనే ఉన్నాను పెద్దాయనా. కాళ్లు వంగడం లేదు!"

"ఓడిపోయావు కదరా!"

"ఓడాను," అన్నాడు టిల్లరీ, మొహమంతా నవ్వుతో. "ఆడి ఓడాను."