పంజాగుట్ట మీదుగా యాభై డేగలు

పంజాగుట్ట పేరులోనే గుట్ట ఉంది. బయట వెతికితే దొరికేది ఏడంతస్తుల కాంప్లెక్సు. లోకంలో ఎక్కడో కొండ అంచున నిలబడి, వసంతంలో ఉత్తరానికి వలసపోయే డేగల్ని లెక్కపెట్టేవాళ్లు ఉంటారట. స్వరాజ్యం గారికి ఆ కొండ ఈ కాంప్లెక్సు డాబానే. ఫ్లైఓవర్ మీద కదలని బండ్ల నుంచి వేడిగాలి లేస్తుంది. దాని మీద డేగలు రెక్క కదపకుండా పైకి తేలతాయి. నగరం పక్షులకు చేస్తున్న ఏకైక ఉపకారం అదే.

ఆవిడ లక్డీకాపూల్‌లో ఒక ప్రభుత్వ కార్యాలయంలో సూపరింటెండెంటుగా రిటైరయ్యారు. ఆలస్యంగా వచ్చినవాళ్ల పేర్ల కింద ముప్పై ఏళ్లు ఎర్రగీత గీశారు. నాలుగేళ్లుగా మార్చి రాగానే అలాంటి రిజిస్టరే చంకన పెట్టుకుని డాబా ఎక్కుతున్నారు.

కాంప్లెక్సు యజమాని విజయేందర్‌కు మొదట్లో ఇదంతా మహా ముద్దొచ్చింది. ‘పక్షి ప్రేమికుడు’ అని పేపర్లో ఫొటో పడితే ఫ్రేము కట్టించి లిఫ్టు పక్కన తగిలించాడు. ఈ ఏడు డాబా మీద హోర్డింగు పెడతామని ఒక కంపెనీ వచ్చింది. ప్రేమ చల్లబడింది. ఫ్రేము మాత్రం అక్కడే ఉంది, కాబట్టి ఆవిడను నేరుగా గెంటలేడు. షరతు పెట్టాడు.

"పది రోజులల్ల యాభై డేగలు పోతే డాబా మీకే మేడం. ఒక్కటి తక్కువైనా తాళంచెవి ఇచ్చేయుండ్రి. సాక్షిగ మా ప్రమోద్ కూసుంటడు."

పదో రోజు. పదకొండున్నర. గడువు పన్నెండు. రిజిస్టర్లో నలభై ఆరు.

ప్రమోద్ ఆ బిల్డింగు సూపర్‌వైజరు. తొమ్మిది రోజులు నీడలో కూర్చుని ఫోను చూడటమే అతని సాక్ష్యం. పదో రోజు ఉన్నట్టుండి కర్తవ్యం మేల్కొంది. రెండు బకెట్ల కోడి పేగులు మోసుకొచ్చి నీళ్ల ట్యాంకు మీద గుమ్మరించాడు.

"ఏంటి బాబూ ఇది?"

"పుణ్యం మేడం. గద్దలకు మాంసం ఏస్తే ఆపద పోతదంటరు గద."

"ఎవరి ఆపద?"

"మా సార్‌ది."

రెండు నిమిషాల్లో బోరబండ దాకా కబురు పోయినట్టుంది. తోక చీలిన ఊరి గద్దలన్నీ డాబా మీద కమ్ముకున్నాయి. ఈ గుంపు వెనక డేగ కాదు, విమానం పోయినా కనబడదు. ప్రమోద్ కోరుకున్నది అదే.

అనుభవం లేనివాడికి మూడు వారాల్లో మూడేళ్ల అనుభవం తయారుచేసిపెట్టే కోచింగ్ సెంటర్ల అమీర్‌పేట పక్కనే ఉంది. నాలుగు డేగల్ని తయారుచేయడానికి ఒక పెన్ను చాలు. సాక్షి కళ్లు మళ్లీ ఫోనులోనే ఉన్నాయి. స్వరాజ్యం గారు పెన్ను మూత తీశారు. పేజీ వైపు చూశారు. మూత పెట్టేశారు. ముప్పై ఏళ్ల రోగం అంత తేలిగ్గా నయమవుతుందా!

పదకొండు నలభై. గద్దలు చప్పున పక్కకు తప్పుకున్నాయి. వాటికంటే బాగా పెద్ద పక్షి ఒకటి ట్యాంకు మీద దిగింది. వెనకే మరో మూడు. తోక చీలలేదు. నోటి పసుపు గీత కంటి వెనక దాకా సాగింది. అసలు సిసలు వలస డేగలు! ఎక్కడో మధ్య ఆసియా పచ్చిక మైదానాలకు పోతూ, దారిలో విజయేందర్ గారి విందు చూసి ఆగాయి.

"గివేంది మేడం, గింత పెద్దగున్నయ్?"

"నువ్వు భోజనానికి పిలిచిన డేగలు, బాబూ."

నలభై ఆరూ నాలుగూ ఎంతో ప్రమోద్‌కు ఫోను చూడకుండానే తెలిసిపోయింది.

అయితే కూర్చున్న పక్షి లెక్కలోకి రాదు. అమీర్‌పేట మెట్రో స్టేషన్ పైకప్పు దాటి ఉత్తరానికి పోవాలి. ఈ నియమం ఆవిడ మొదటి రోజే చదివి వినిపించారు. సాక్షి అప్పుడు క్రికెట్ చూస్తున్నాడు.

డేగలు తిన్నాయి. కడుపు నిండి కునుకు తీయసాగాయి. పదకొండు యాభై. ప్రమోద్ నేల తుడిచే కర్ర అందుకున్నాడు.

"వద్దు బాబూ! వాటిని కదిలించడం తప్పు."

వద్దనగానే అతని అనుమానం ఖాయమైపోయింది. "ఈడ కూసోబెట్టి యాభై రాస్కుందామనా? నేను గంత పిచ్చోన్ని కాదు మేడం!"

మెట్లవైపు నుంచి కేకలు వేస్తూ దూకాడు. డేగలు ఉలిక్కిపడి లేచాయి. మూడు తిన్నగా మెట్రో పైకప్పు దాటాయి. నలభై తొమ్మిది. నాలుగోది లక్డీకాపూల్ వైపు తిరిగింది.

పదకొండు యాభై ఆరు. స్వరాజ్యం గారు బైనాక్యులర్ దాని వెంటే తిప్పారు.

కింద సిగ్నల్ పడింది. ఫ్లైఓవర్ నిండా హారన్లు. వేడిగాలి ఎక్కి డేగ సుడి తిరిగింది. పైకి, ఇంకా పైకి. ఆపైన రెక్కలు బిగించి, ముందు పోయిన మూడింటి దారిన ఉత్తరానికి జారిపోయింది. పదకొండు యాభై తొమ్మిది.

"పోయినయ్! నాలుగుకు నాలుగు ఎల్లగొట్టిన!" ప్రమోద్ కర్ర ఎత్తి గంతేశాడు. "ఇగ తాళంచెవి ఇయ్యుండ్రి మేడం."

ఆవిడ రిజిస్టరు అతని ముందు పెట్టి, అట్ట లోపల అంటించిన మొదటి నియమం మీద వేలుంచారు. ప్రమోద్ ఒకసారి చదివాడు. పెదవులు కదుపుతూ మళ్లీ చదివాడు. అప్పుడే ఫోను మోగింది. విజయేందర్.

"లెక్క ఎంతరా?"

"యాభై సార్."

"నువ్వేం జేస్తున్నవ్‌రా ఆడ?"

దానికి జవాబు స్వరాజ్యం గారే రిమార్కుల గడిలో రాశారు: ‘చివరి నాలుగింటిని సాక్షి తరిమారు. లెక్కపెట్టినవారు వద్దన్నారు.’ దాని కింద సాక్షి చేత సంతకం పెట్టించారు. తాళంచెవి సంచిలో వేసుకుని కిందికి దిగారు.

లిఫ్టు పక్కన పక్షి ప్రేమికుడు ఫ్రేములో నవ్వుతూనే ఉన్నాడు.