గేటు తెరిచేసరికి

"గేటు తెరిచేసరికి మనం గేటు ముందుండాలి. అంతే, ఇంక మాట లేదు," అన్నాడు భాస్కర్, మోటెల్ మంచం మీద పార్కు మ్యాపు పరిచి.

న్యూజెర్సీలో, పార్సిప్పనీ ఇంటి ముందు స్టేషన్ వ్యాగన్‌కి సామాను ఎక్కించినప్పటి నుంచీ అతను ఆ మాట అంటూనే ఉన్నాడు. వర్జీనియాలో కార్లో గ్యాస్ కొట్టించుకుంటూ అన్నాడు. జార్జియాలో వాన పడుతుంటే వైపర్ల చప్పుడు మించి అరిచి మరీ అన్నాడు. ఇప్పుడు ఫ్లోరిడాలో ఓర్లాండో చేరి, మధ్య తలుపున్న రెండు గదులు తీసుకుని, అమ్మనీ నాన్ననీ ఎదుటి మంచం మీద కూర్చోబెట్టి, తొమ్మిదేళ్ళ కూతురు విద్య చేత పెన్సిలు పట్టించి మరోసారి అంటున్నాడు.

రేణుక గది చివర సింకు దగ్గర నిలబడి చింతపండు నానబెడుతోంది. మోటెల్ వాళ్ళు ఐసు కోసం పెట్టిన ప్లాస్టిక్ బకెట్టే ఆమెకి గిన్నె. గోడకి 'గదుల్లో వంట చేయరాదు' అని బోర్డు ఉంది. దాని కిందే ఎలక్ట్రిక్ పొయ్యి, రైస్ కుక్కరు, పోపు డబ్బా. పోపు వాసన బయటికి పోకుండా తలుపు సందులో తువ్వాలు కుక్కడం కూడా ఆమె పనే. దొరికిపోతే మేనేజరుకి సంజాయిషీ చెప్పుకోవలసింది కూడా ఆమే అని వేరే చెప్పాలా?

"ఐదున్నరకల్లా అందరూ రెడీ. గేటు తీయగానే విద్యా నేనూ పరిగెత్తుకెళ్ళి చీకటి గుహలో పోయే ట్రైన్ ఎక్కేస్తాం. ఆలస్యమైతే దానికి పెద్ద లైను. నాన్నగారు బోట్ రైడ్. అమ్మకి నీడలో బెంచీ. రేణూ, నువ్వు బ్యాగులు చూసుకుంటూ అమ్మ దగ్గరుండు."

ఐదున్నరకల్లా అందరూ రెడీ. ఎంత తేలికైన మాట. ఆ 'అందరూ'లో షుగరున్న మామగారి టిఫిను ఉంది, అత్తగారి మడిచీర ఉంది, విద్య రెండు జడలున్నాయి, ఫ్లాస్కులో కాఫీ ఉంది, స్టీలు డబ్బాల్లో పులిహోర, పెరుగన్నం ఉన్నాయి. ఏ రైడు తర్వాత ఏ రైడో, ఏ దారిలో పోతే ఎండ తక్కువో అన్నీ ప్లాన్ చేసిన మనిషి రేణుక ఎప్పుడు లేవాలో మాత్రం ఎక్కడా అనలేదు. పొద్దున్న అలారం ఎలాగూ ఆమె వైపే ఉంటుంది.

"అమ్మా, నువ్వు నాతో ఎక్కు. డాడీ అరుస్తాడు రైడ్‌లో. ఇట్స్ ఎంబరాసింగ్," అంది విద్య.

"అమ్మ వస్తే బ్యాగ్స్ ఎవరు చూస్తారే?" అన్నాడు భాస్కర్, మ్యాపు మీంచి తల ఎత్తకుండా.

విద్య తల్లి వైపు చూసింది. ఏదో ఒకటి అంటుందని ఆశ ఆ చూపులో. రేణుక చింతపండు పిసుకుతూ ఉండిపోయింది. పోయిన వేసవిలో న్యూజెర్సీలో పార్కుకి వెళ్ళినప్పుడూ ఇంతే. సాయంత్రం దాకా బెంచీ మీద ఒడిలో రెండు బ్యాగులు, చుట్టూ మూడు. విద్య రైడు దిగి పరిగెత్తుకొచ్చి "నువ్వు చూశావా నన్ను?" అని అడిగితే, అంత దూరం కనబడక, చూశానని అబద్ధమాడింది. పెళ్ళికి ముందు నాంపల్లి ఎగ్జిబిషన్లో జెయింట్ వీల్ పైదాకా వెళ్ళి ఆగితే రెండు చేతులూ వదిలేసి గాల్లోకి చాపిన పిల్ల తనే అంటే, ఈ గదిలో ఒక్కరూ నమ్మరు.

"మాత్ర వేసుకున్నావా?" భాస్కర్ గొంతు తగ్గించి అడిగాడు. ఇదీ రోజూ ఉన్నదే.

"ఆఁ," అంది రేణుక.

వేసుకోలేదు. కరొలైనాలో మొదటిరాత్రి ఆగిన మోటెల్లోనే ఆపేసింది.

ఆ మాత్రల సంగతి తల్చుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి ఆమెకి. నెల కిందట డాక్టర్ శ్యామ్‌సుందర్ ఇంట్లో డిన్నర్. నాలుగు కుటుంబాలు కాగితం పళ్ళేలు పట్టుకుని నిలబడి తింటున్నారు. "ఒక హెల్ప్ చేయాలి గురూ," అన్నాడు భాస్కర్ శ్యామ్‌సుందర్‌తో, పక్కన ఎవరున్నారో కూడా చూడకుండా. "రేణు డేట్స్ కరెక్టుగా ఫ్లోరిడా ట్రిప్‌లో పడుతున్నాయి. మా అమ్మ సంగతి తెలుసుగా. మూడు రోజులూ తను వండింది తినదు, ముట్టుకోదు. ఒకటే కారు. రేణుని కారు మీద కట్టుకుని తీసుకెళ్ళలేను కదా!" అందరూ నవ్వారు. ఆడవాళ్ళు కూడా నవ్వారు. శ్యామ్‌సుందర్ నవ్వుతూనే మందు రాసిచ్చాడు. పేషెంటు అక్కడే, గరిటె పట్టుకుని, అతని పళ్ళెంలోనే పప్పు వడ్డిస్తోంది. ఆమెని ఒక్క ముక్క అడగలేదు.

రేణుక ఆస్పత్రి లాబ్‌లో పనిచేస్తుంది. రోజూ ఎందరిదో రక్తం మైక్రోస్కోపు కింద చూస్తుంది. అక్కడ రక్తం రక్తమే, దానికి మైలా మడీ లేవు. సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పేసరికి ఆ తెలివంతా ఏమవుతుందో ఆమెకే అర్థం కాదు. మాత్రలు మొదలుపెట్టిన మర్నాటి నుంచీ కడుపులో తిప్పడం, కాళ్ళు బరువెక్కడం. చెప్తే, "నాలుగు రోజులు ఓర్చుకోవే, అందరి కోసం," అన్నాడు భాస్కర్. మళ్ళీ అందరూ. ఆ అందరిలో తను ఒక్కనాడూ లేదన్న ఉక్రోషంతోనే కరొలైనాలో మాత్ర నాలిక కింద పెట్టుకుని వెళ్ళి సింకులో ఉమ్మేసింది.

ఆపేస్తే రెండు మూడు రోజుల్లో రావాలి. వస్తే తను వండక్కర్లేదు, అత్తగారి పక్కన కూర్చోనక్కర్లేదు. నవ్వొచ్చేది కూడా. ఏ ఆచారాన్ని చూస్తే ఒళ్ళు మండుతుందో దాన్నే చెట్టుకొమ్మలా పట్టుకుని వేలాడుతున్నందుకు. కానీ రోడ్డు పొడుగునా ప్రతి రెస్ట్‌ ఏరియాలోనూ ఆశగా వెళ్ళింది, ఉత్త చేతులతో తిరిగొచ్చింది.

అత్తగారు బాలమణి చెడ్డ మనిషేం కాదు. కానీ మడి దగ్గర ఆవిడ మాటే మాట. అమెరికా వచ్చిన కొత్తలో, మంచు పడుతున్న రోజున, మడిలో ఉండగా విద్య వచ్చి కొంగు పట్టుకుంటే, పల్లెత్తు మాటనకుండా వెళ్ళి మళ్ళీ తలమీంచి నీళ్ళు పోసుకుని వణుకుతూ వచ్చింది. పసిపిల్ల ముట్టుకున్నందుకే అలా చేసిన మనిషి.

అలారం మోగకముందే మెలకువ వచ్చింది రేణుకకి. బాత్‌రూమ్‌లోకి వెళ్ళి తలుపు వేసుకుని చూసుకుంది. ఏమీ లేదు.

తొట్టి అంచు మీద కూర్చుండిపోయింది. ఏడుపొచ్చింది. ముప్ఫై నాలుగేళ్ళ ఆడది, జీతం తెచ్చుకునే ఆడది, ఒక్కపూట బెంచీ మీద కూర్చోకుండా ఉండటానికి తన ఒంటిని బతిమాలుకుంటోంది. ఇది వస్తే తప్ప తనకి సెలవు లేదా? సరే, రాలేదు. ఇప్పుడేం చేస్తావు రేణుకా? లేచి కుక్కరు పెడతావు. పోపు వేస్తావు. బెంచీ మీద కూర్చుని, రైడు దిగొచ్చిన పిల్లతో మళ్ళీ చూశానని చెప్తావు. అది ఇంకో రెండేళ్ళకి అడగడం మానేస్తుంది. ఇంకో మూడేళ్ళకి దానికీ ఈ రోజులు మొదలవుతాయి, దాని తేదీలు కూడా ఎవరో డిన్నర్ల దగ్గర మాట్లాడుకుంటారు.

మొహం కడుక్కుంది. ప్యాంటూ చొక్కా వేసుకుని, బిగించి జడ వేసుకుని, గుమ్మం పక్కనున్న కుర్చీలో వచ్చి కూర్చుంది. అలారం మోగింది. దాన్ని ఆపలేదు.

భాస్కర్ తడుముకుంటూ లేచి దీపం వేశాడు. "రేణూ, కుక్కర్ పెట్టావా?"

"లేదండీ. నేనివాళ దూరం."

ఆ మాట ఇన్నేళ్ళుగా గోడలకి కూడా వినబడకుండా చెప్పేది. ఇవాళ మామూలు గొంతుతో, మధ్య తలుపు తెరిచి ఉండగా, అవతల మామగారు దగ్గుతుండగా అంది.

"అదెలా? మాత్రలు వేసుకుంటున్నావుగా!" నిద్రమత్తులో గట్టిగా అరిచాడు భాస్కర్.

పక్కగదిలో మంచం కిర్రుమంది. మడిచీర చేతిలో పట్టుకుని, స్నానానికి బయల్దేరిన బాలమణి గుమ్మంలో నిలబడింది.

"మాత్రలేమిట్రా?"

భాస్కర్‌కి అప్పటికి పూర్తిగా మెలకువ వచ్చింది. "ఏం లేదమ్మా. ట్రిప్‌లో నీకు ఇబ్బంది లేకుండా... శ్యామ్‌సుందర్‌ని అడిగి పోస్ట్‌పోన్ చేయడానికి..."

"నాకు ఇబ్బందని నేను చెప్పానా?"

"చెప్పక్కర్లేదుగా, నీ మడి నాకు తెలీదా? కార్లో పక్కపక్కన ఎలా కూర్చుంటారు? వంటెవరు చేస్తారు?"

"అందుకని పిల్లకి మందు పోసి ఆపుతావా? పంపు కట్టేసినట్టు?" అంది బాలమణి. "ఒరే, నేను కాపురానికొచ్చాక నడుం వాల్చిందంటే ఆ మూడు రోజులేరా. పెరట్లో కొట్టుగది పక్కన చాప. ఆ చాప మీద పడి కళ్ళు తెరవకుండా నిద్రపోయేదాన్ని. పిలిచేవాళ్ళు లేరు, అడిగేవాళ్ళు లేరు. దీనికా పాటి కూడా లేకుండా చేశావన్నమాట."

ఆ చాప సుఖమని రేణుక ఎన్నడూ అనుకోలేదు. ఇప్పుడూ అనుకోలేదు. కొట్టుగది పక్కన తప్ప విశ్రాంతి దొరకని బతుకేం బతుకు? కానీ అత్తగారు కూడా అలిసిపోయిన మనిషేనని ఇన్నేళ్ళలో ఒక్కసారీ తోచనందుకు సిగ్గేసింది.

"పోనీలెద్దూ, ఇవాళ్టికి బయటే ఏదో ఒకటి..." అవతల గదిలోంచి మామగారు దత్తాత్రేయ గొంతు సన్నగా వినబడింది.

"షుగరు పెట్టుకుని బయటేం తింటారు? మీరూరుకోండి," అని బాలమణి కొడుకు వైపు తిరిగింది. "నాకీ కరెంటు పొయ్యంటే భయం. నేను స్నానం చేసొస్తాను. నువ్వూ తలమీంచి నీళ్ళోసుకో. నేను చెప్తుంటాను, నువ్వు చెయ్యి."

"నేనా? పులిహోరా? అమ్మా, టైం చూశావా? గేటు తెరిచేసరికి..."

"గేటు తెరిచేసరికి నేనూ విద్యా అక్కడుంటాం," అంది రేణుక, లేచి నిలబడి. "పార్కుకి మోటెల్ వాళ్ళ వ్యాను ఉందిట, నిన్న ఆఫీసులో అడిగాను. మీరు నిమ్మళంగా వంట చేసుకుని మామయ్యగారినీ అత్తయ్యనీ తీసుకురండి."

నిన్న సాయంత్రం కాఫీకి వేణ్ణీళ్ళ కోసమని వెళ్ళి ఆ మాట అడిగింది. ఎందుకడుగుతోందో తనకే సరిగ్గా తెలియకుండా అడిగింది.

"బ్యాగులు?" అన్నాడు భాస్కర్. ఇంకేమీ తోచలేదు పాపం అతనికి.

"తిండి డబ్బాలున్నాయి కదండీ. నేను ముట్టుకోకూడదు."

విద్య అప్పటికే ఒక బూటు వేసుకుని, రెండో బూటు చేత్తో పట్టుకుని గెంతుతోంది. "జస్ట్ అస్? రియల్లీ?" అంటూ వచ్చి తల్లి చెయ్యి పట్టేసుకుంది. ముట్టుకోవద్దని ఎవరైనా అంటారేమోనని రేణుక ఆగి చూసింది. అత్తగారు అప్పటికే స్నానాల గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

బయట ఇంకా తెల్లవారలేదు. వరండా దీపాల కింద ఇద్దరూ వ్యాను కోసం నిలబడ్డారు. వెనకాల గది కిటికీలోంచి సింకు దగ్గర పొయ్యి, దాని ముందు తడిజుట్టుతో, తుండుగుడ్డతో భాస్కర్ కనబడుతున్నాడు. జాలేసింది. వెనక్కి వెళ్ళి ఆవాలెన్ని వెయ్యాలో చెప్పి వద్దామా అని కాలు కదిలింది కూడా. అబద్ధమాడి వచ్చానన్న బెరుకు ఇంకా పోలేదు. ఎవరైనా గట్టిగా అడిగితే నిజం చెప్పేస్తుందేమో.

తలుపు తెరుచుకుంది. బాలమణి. తడిసిన జుట్టు ముడివేసుకుని, నీళ్ళోడుతున్న మడిచీరలో.

రేణుక అలవాటుగా రెండడుగులు వెనక్కి వేసింది. బాలమణి ఆగలేదు. దగ్గరికొచ్చింది. కోడలి చొక్కా కాలరు లోపలికి మడతపడి ఉంటే బయటికి తీసి సర్దింది. మెడలో గొలుసు లోపలికి తోసింది. చెంప మీద అరచెయ్యి పెట్టింది, తడిగా, చల్లగా.

"పిల్లని గట్టిగా పట్టుకో. పైకెళ్ళాక కిందకి చూడకు," అని లోపలికి వెళ్ళిపోయింది.

రేణుక కిటికీ వైపే చూస్తూ ఉండిపోయింది. ఇప్పుడు మళ్ళీ స్నానాల గదిలోకి వెళ్తుంది, మళ్ళీ నీళ్ళు పోసుకుంటుంది, మళ్ళీ చీర తడుపుకుంటుంది అని చూస్తోంది. వ్యాను వచ్చి ఆగింది. విద్య చెయ్యి పట్టి లాగుతోంది.

బాలమణి స్నానాల గది వైపు కూడా చూడలేదు. తిన్నగా సింకు దగ్గరికి వెళ్ళి, ఆ చేత్తోనే ఐసు బకెట్టు అందుకుని, కొడుక్కి చూపిస్తూ చింతపండు పిసకడం మొదలుపెట్టింది.

వ్యానులో కూతురి పక్కన కూర్చుని, ఖాళీగా ఉన్న తన ఒడిలోకి చూసుకుంది రేణుక. పెరట్లో ఆ చాప మీద అత్తగారు పడుకున్న రోజుల్లో ఎన్ని నిజంగా ఆ రోజులో, ఎన్ని ఇవాళ తను చెప్పినట్టు చెప్పినవో, ఇక ఎప్పటికీ అడగక్కర్లేదు.