గడిలో రాసిన మాట

డెరిక్ హోల్‌రాయిడ్ మీద నాకు కోపం ఎప్పటినుంచి అని ఎవరైనా అడిగితే తారీఖుతో సహా చెబుతాను. ఫిబ్రవరి పదకొండు, మంగళవారం, టౌన్ హాలు. మిల్‌బ్యాంక్ డే సెంటర్ మూసెయ్యాలన్న తీర్మానానికి చేతులెత్తమన్నారు. మా వార్డు కౌన్సిలర్ హోల్‌రాయిడ్, బస్సు ఆపుతున్నవాడిలా, అందరికంటే ముందు ఎత్తాడు. పైన జనం కూర్చునే వరుసలో నా పక్కన మావిస్ ఉంది. మావిస్ నా పక్కింటి ఆవిడ. ఆవిడ కూతురు జిల్‌కి నలభై రెండేళ్ళు, మనసు ఇంకా చిన్నపిల్లది. పంతొమ్మిదో ఏటినుంచి వారానికి నాలుగు రోజులు ఆ సెంటర్‌కే వెళుతోంది. అక్కడ తప్ప ఇంకెక్కడా తల్లి చెయ్యి వదలదు.

నాలుగేళ్ళ కింద ఓట్ల కోసం వచ్చినప్పుడు ఇదే మనిషి మావిస్ వంటింట్లో కూర్చుని, ఆవిడ చేసిన అల్లం కేకు రెండు ముక్కలు తిని, "నేనున్నంతకాలం ఆ సెంటర్ జోలికి ఎవడూ రాడు" అన్నాడు. తీర్మానం రోజు టౌన్ హాలు మెట్ల మీద ఆపి అడిగితే ఏమన్నాడో తెలుసా?

"బిస్కెట్లు తింటూ బొమ్మలకి రంగులేసుకోడానికి అంత పెద్ద బిల్డింగు దేనికమ్మా? ఆ రంగులేవో ఇంట్లో కూడా వేసుకోవచ్చుగా."

జిల్ తల్లి ముఖం మీదే అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇప్పుడు రాస్తుంటే కూడా మండుతోంది.

అందుకే మే ఎన్నికల్లో అతని మీద పోటీకి నిలబడ్డాను. ముప్ఫై ఏళ్ళు బడిలో పిల్లలకి మధ్యాహ్నం భోజనం వడ్డించినదాన్ని, నాకు పార్టీ లేదు, రాజకీయం అంతకంటే లేదు. తెలిసిందల్లా ఒక్కటే. ఆ తీర్మానం ఒక్క చేతి తేడాతో నెగ్గింది. మూసివేతకు ఆఖరి ఓటు జూన్‌లో. మిగతా వార్డుల్లో ఎవరు గెలుస్తారో అందరికీ ముందే తెలుసు. హోల్‌రాయిడ్ కుర్చీలో నేను కూర్చుంటే సెంటర్ నిలుస్తుంది, లేకపోతే పోతుంది.

కోటుకి పెట్టుకునే రిబ్బను పువ్వు జిల్ చేసిచ్చింది. నారింజ రంగుది, జిగురు ఎక్కువై ఒక పక్క అట్టలా గట్టిపడింది. ఏప్రిలంతా దాన్ని పెట్టుకుని గడపగడపకీ తిరిగాను. తలుపుకుండే ఉత్తరాల చీలికలో కరపత్రం తోస్తుంటే లోపల్నుంచి ఒక కుక్క నా చూపుడువేలు పట్టుకుంది. ఒకాయన బనీనుతో వచ్చి, "మీరంతా ఒకటే, పొండి" అని తలుపేశాడు. జనం కోపంగా ఉన్నారు. ఆ కోపం చూసి నాకు హుషారొచ్చింది, అబద్ధమెందుకు. ఎవరు నోరు చేసుకున్నా వాళ్ళకి ఒకటే మాట చెప్పేదాన్ని: "మీ కోపం నాకు కాదు, కాగితం మీద చెప్పండి." ఆ మాట నాకే తెగ నచ్చేసింది. కరపత్రం మీద కూడా అచ్చు వేయించాను. మా దగ్గర ఓటంటే, కాగితం మీద నచ్చిన పేరు పక్క గడిలో పెన్సిలుతో ఇంటూ గీత పెట్టడమే.

పోలింగు గురువారం. పొద్దున్నే మావిస్ తలుపు కొట్టాను. ఆవిడ రాత్రి గౌనులోనే ఉంది, చేతిలో టీ కప్పు.

"నేను రానే నోరీన్. పోయినసారి కేకు పెట్టి మరీ వాడికే వేశాను. మళ్ళీ ఆ పెన్సిలు ముట్టుకోను."

"ఈసారి నాకు వేస్తావు కదా, మావిస్."

"నీకు నా ఒక్కదాని ఓటెందుకు? వీధి వీధంతా నీవైపేనని నువ్వేగా నిన్న చెప్పావు."

"చెప్పాననుకో. అయినా రా."

"నాకు గీతలు పెట్టాలని లేదు. వాడి ముఖాన ఒక్క మాట అనాలి. ఆ రోజు మెట్ల మీద నోరు పెగల్లేదు. మూడు నెలలుగా అది గొంతులోనే ఉంది."

నాకింకా నలభై ఇళ్ళున్నాయి. వాన మొదలయ్యేలా ఉంది. "అయితే ఆ మాటేదో కాగితం మీద అను" అన్నాను.

"వాడు చూస్తాడా?"

"లెక్కపెట్టేటప్పుడు ఎదురుగానే నిలబడతాడు. చూడక ఏం చేస్తాడు."

పదకొండింటికి, పోలింగు జరుగుతున్న చర్చి పక్క హాల్లోంచి ఆవిడ బయటికి రావడం చూశాను. తలకి రుమాలు, చేతిలో గుర్తింపుకి బస్సు పాసు, గడ్డం పైకెత్తి నడుస్తోంది. "చెప్పేశాను" అంది నా ముందునుంచి వెళుతూ. నాకు ఓటేసిందనుకుని సంతోషించాను.

లెక్కింపు మర్నాడు, వ్యాయామశాలలో. బ్యాడ్మింటన్ గీతల మీద బల్లలు వేశారు. మధ్యాహ్నానికి మా ఇద్దరి కట్టలూ సమానంగా కనబడుతున్నాయి. తేల్చలేని కాగితాలు తొమ్మిది మిగిలాయి. ఎన్నికల అధికారి నన్నూ హోల్‌రాయిడ్‌నీ బల్ల దగ్గరికి పిలిచాడు. ఒకడు కాగితం నిండా కుక్క బొమ్మ వేశాడు. ఒకామె మా ఇద్దరి గడుల్లోనూ గీతలు పెట్టి, పైగా సంతకం చేసింది. ఎనిమిదీ చెల్లవన్నాడు, మేం ఒప్పుకున్నాం.

తొమ్మిదోది బల్ల మీద పెట్టాడు. నా గడి ఖాళీ. హోల్‌రాయిడ్ పేరు పక్క గడిలో, నాలుగు వైపులా ఎక్కడా అంచు తగలకుండా, బుల్లి బుల్లి అక్షరాలతో ఒక మాట: అబద్ధాలకోరు. కింద వంపు తిరిగిన చిన్న గీత.

ఆ గీత నాకు తెలుసు. మావిస్ బట్టల కొట్లో ముప్ఫై ఏళ్ళు ధర చీటీలు రాసింది. గోరంత చీటీలో అక్షరం అంచు దాటనిచ్చేది కాదు, ప్రతి ధర కిందా అదే వంపు. 

"గుర్తు ఒక్క గడిలోనే ఉంది. ఇంకో గడిలో ఏమీ లేదు. హోల్‌రాయిడ్‌గారి ఓటు" అన్నాడు అధికారి.

"అది తిట్టు. తిట్టు ఓటెలా అవుతుందండీ?"

"మాట ఏమిటన్నది మేం చూడకూడదండీ. గడిలో ఉందా లేదా, అంతవరకే. ఇదిగో, ఇలాంటివి బొమ్మలతో సహా ఇచ్చారు" అని లెక్కింపు నియమాల పుస్తకం నావైపు తిప్పాడు.

"ఈ మాట రాసినవాళ్ళు ఇతన్ని గెలిపించాలనుకున్నారని మీరు నిజంగా నమ్ముతున్నారా?"

ఆయన పుస్తకంలో అదే బొమ్మ మీద మళ్ళీ వేలు పెట్టాడు. పాపం మంచివాడే. మంచివాళ్ళ మీద అరిచినా గోడ మీద అరిచినా ఒకటే. హోల్‌రాయిడ్ మాత్రం వంగి, కళ్ళజోడు సర్దుకుని, తీరిగ్గా చదివాడు. సిగ్గుపడలేదు. చెవులు కూడా ఎర్రబడలేదు.

"దస్తూరి ముత్యాల్లా ఉంది" అన్నాడు. "ఎవరో తెలిస్తే నా తరఫున థాంక్స్ చెప్పమ్మా."

మళ్ళీ లెక్కపెట్టమన్నాను. రెండుసార్లు పెట్టారు. అతనికి ఎనిమిది వందల పన్నెండు, నాకు ఎనిమిది వందల పదకొండు. ఆ ఒక్క కాగితం మీద అతని గడిలో మాట బదులు నా గడిలో గీత ఉంటే, పన్నెండు నావి.

నాలుగింటికి ఇంటికొచ్చాను. మావిస్ గేటు దగ్గర నిలబడి జిల్‌ని తెచ్చే సెంటర్ వ్యాను కోసం చూస్తోంది.

"విన్నాను. ఒక్క ఓటు తేడా అటగా" అంది. "ఎవడో సోమరిపోతు టీవీ ముందునుంచి లేచుండడు. వాడెవడో దొరికితే చెవి మెలేద్దును."

నేను సంచీలో తాళంచెవి వెతుక్కున్నాను.

"పోనీ, నా మాట చూశాడా?"

"చూశాడు."

"ముఖం ఎలా పెట్టాడు?"

"ఏదోలా పెట్టాడు."

"మాడిపోయుంటుంది. ఉండనీ, నాలుగేళ్ళేగా. బతికుంటే ఈసారీ అక్కడే రాస్తా, ఇంకా పెద్ద మాట."

చెప్పకూడదని బస్సులో దారంతా అనుకుంటూ వచ్చాను. కానీ ఈసారీ అంటుంటే ఎలా ఊరుకోను? చెప్పాను. కాగితం సంగతి, పుస్తకంలో బొమ్మల సంగతి, పన్నెండూ పదకొండూ. హోల్‌రాయిడ్ చెప్పమన్న థాంక్స్ మాత్రం చెప్పలేదు. అది నాలోనే ఉండనీ, నేనే మోస్తాను.

మావిస్ గేటు మీది చెయ్యి తియ్యలేదు. వ్యాను వచ్చి ఆగింది. జిల్ దిగి, నన్ను చూసి పరుగెత్తుకొచ్చి, కోటు మీద పువ్వు వంకరగా ఉందని సరిచేసింది.

"గెలిచావా నోరీన్? సోమవారం అందరికీ చెప్పనా?"

నేను మావిస్ వైపు చూశాను. ఆవిడ కూతురి వైపు చూస్తోంది. గొంతు పెంచకుండానే అంది.

"నేను రానన్నాను. కాగితం మీద అనమన్నది నువ్వు."

"నేనే, మావిస్" అన్నాను.