పురుగుల టీచరు

"రేపు మీటింగులో నువ్వు పక్కనుండు. నీ బదులు నేను మాట్లాడతాను" అన్నాడు నా కొడుకు, వాడి చొక్కా ఇస్త్రీ చేస్తున్న కోడలితో. నేను బీన్సు తరుగుతున్నాను. కోడలు చొక్కా తిప్పి రెండో చెయ్యి మీద ఇస్త్రీపెట్టె ఆనించింది. "ఆడవాళ్లు చెబితే ఎవరు పట్టించుకుంటారే? అదే నేనైతే..." అంటూ వాడు మాట పూర్తిచెయ్యకుండానే స్నానానికి వెళ్లిపోయాడు. అంతా తండ్రి పోలిక. ఆయనా అంతే, సగం చెప్పి లేచి వెళ్లిపోతారు. మిగతా సగానికి మనం ఒప్పేసుకున్నట్టే లెక్క.

మా కాలనీ వెనక పారే వాగు మీద కాంక్రీటు పలకలు పరిచి, కార్లు పెట్టుకోవడానికి చోటు చేద్దామని సంఘం అనుకుంటోంది. అందుకే ఆ మీటింగు. పలకలు పడ్డాయంటే నా కోడలు కాలేజీ చదువు అయినప్పటి నుంచి చేసుకొచ్చిన పనంతా వాటి కిందే సమాధి.

ఆ పిల్ల పర్యావరణం చదివింది. తోటివాళ్లంతా ఏసీ గదుల్లో కుదురుకుంటే ఈమె బడిపిల్లల్ని వెంటేసుకుని వాగులోకి దిగింది. మొదట్లో ఒకే బడి, నలుగురు పిల్లలు. ఇప్పుడు చుట్టుపక్కల బళ్లన్నీ వంతులేసుకుని వస్తున్నాయి. పిల్లల వెనకే తల్లులూ వచ్చారు. ఒడ్డున ఎవరూ చెత్త పొయ్యకుండా కాపలా కాసేది ఆ తల్లులే. వాళ్లని అలా కూడగట్టింది మా పిల్లే. అదీ వంట చేసి, మా ఇద్దరికీ మందులిచ్చి, మొగుడి క్యారేజీ సర్దిన తర్వాత. ఇంట్లో మాత్రం ఆమె పురుగుల టీచరు. మా ఆయన పెట్టిన పేరది. "డిగ్రీ చదివి పురుగులేరుకోవడమేంటమ్మా, ఆ ఏరేదేదో బియ్యంలో ఏరరాదూ?" అంటారు, ఆమె వడ్డించిన అన్నం కలుపుకుంటూ. ఆమె నవ్వేసేది. నాకు ఒళ్లు మండేది. అయినా నోరు మెదిపేదాన్ని కాదు. ఆ విద్య నాకు పెళ్లైన కొత్తలోనే అబ్బింది.

ఒకసారి కోడలు సంచి మరిచిపోతే ఇద్దామని నేనే వాగు దగ్గరికి వెళ్లాను. పాఠం చెబుతూ ఉంటుందనుకున్నాను. చెప్పడం లేదు. నీళ్లలోంచి ఒక రాయి తీసి, దాని అడుగు భాగాన్ని తెల్ల పళ్లెంలో కడిగి, ఆ పళ్లెం పిల్లల ముందు పెట్టి ఊరుకుంది. "ఏంటి టీచర్ అవి?" అంటే, "ముందు చూడండి" అంది. పిల్లలు ఊపిరి బిగబట్టి చూశారు. నేనూ వంగాను. మూడు తోకల బుల్లి పురుగులు గిలగిలా ఈదుతున్నాయి. "ఛీ, నీళ్లు పాడయ్యాయే" అన్నాను.

"కాదత్తయ్యా. ఇవి మురికినీళ్లలో బతకలేవు. ఇవున్నాయంటే వాగు బాగున్నట్టే. ఒక్క పురుగూ లేనినాడే మనం భయపడాలి" అంది.

నాకు అసూయ కలిగింది, దాచుకోను. ఒక ఆడది చూపించినదాన్ని అంతమంది నోరు మూసుకుని చూడటం నా జన్మలో ఎరగను. అంతకు మించి గర్వం. ఆమెను కన్నతల్లి కూడా అంత గర్వపడి ఉండదు.

మీటింగు రోజు హాలు కిక్కిరిసింది. నా కొడుకు ఇస్త్రీ చొక్కాలో వేదిక ఎక్కాడు. కోడలు వెనక తలుపు దగ్గర కప్పుల్లో టీ పోస్తోంది. ఆ పని చెయ్యమని ఆమెకెవరూ చెప్పలేదు. చెప్పకుండానే కెటిలు ఆమె చేతికొచ్చింది. వాడు బాగానే మాట్లాడాడు. ఖంగుమనే గొంతు వాడిది. చప్పట్లు పడేసరికి ఉత్సాహం ఆపుకోలేకపోయాడు.

"మన వాగు ఎంత శుభ్రమైనదంటే, వెతికినా అందులో ఒక్క పురుగు కనబడదు!" అన్నాడు.

ఇన్నేళ్ల కాపురంలో పెళ్లాం పని ఏమిటో ఒక్కరోజూ వెళ్లి చూడలేదు మరి.

సంఘం కార్యదర్శి నవ్వాడు. "పురుగే లేకపోతే మీ ఆవిడ ఇన్నాళ్లూ పిల్లలకేం చూపిస్తోంది బాబూ? ఏమీ లేని నీళ్లకి మూతేస్తే మనకొచ్చే నష్టమేంటి?" హాలంతా గొల్లుమంది. ఇక చేతులెత్తండి అంటూ ఆయన లేచాడు. కోడలి ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"కూర్చోవే, వాడు చూసుకుంటాడు" అన్నారు మా ఆయన. నేను లేచి నిలబడ్డానని నాకు అప్పుడే తెలిసింది.

"ఒరేయ్, దిగు" అన్నాను. నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. "తెలీనిదాని గురించి మాట్లాడింది చాలు. ఆ మైకు నా కోడలికియ్యి. ఆ కెటిలు నువ్వు పట్టుకో."

వాడు ముఖం కందగడ్డ చేసుకుని దిగాడు.

ఆ పిల్ల ఉపన్యాసం దంచలేదు. సంచిలోంచి డబ్బా తీసి, పొద్దున తెచ్చిన నీళ్లు పళ్లెంలో వంచి, వరసవరసకీ పంపింది. "ముందు చూడండి" అంది. కార్యదర్శి కళ్లజోడు పైకి తోసుకుని చాలాసేపు చూశాడు. "కదులుతున్నాయే!" అన్నాడు. అప్పుడు చెప్పింది, అవేమిటో, పలకల కింద చీకట్లో వాటి గతేమిటో. ఎవరి మీదా గొంతు పెంచలేదు. పలకలు వద్దన్న చేతులే ఎక్కువ లేచాయి. వాగు బాగోగులు చూడటానికి ఒక కమిటీ వేసి, దానికి ఆమెనే పెద్దను చేశారు.

"మరి ప్రతి శనివారం నాతో వచ్చేదెవరు?" అని అడిగింది.

నేను చెయ్యెత్తాను. మా ఆయన ఆ చేతిని పట్టుకుని కిందికి దించి, నలుగురి వైపూ చూసి మర్యాదగా నవ్వారు. "ఆవిడకి కుదరదమ్మా. ఇంట్లో బోలెడు పనుంటుంది."

నేను చెయ్యి విడిపించుకుని మళ్లీ ఎత్తాను.

"ఉంటుందండీ. ఇంట్లో మీరూ ఉంటారుగా."