దగ్గే నల్లకోటు

తెల్లారి కుంపట్ల బొగ్గులు ఎర్రబడంగనే కాశమ్మ లక్క కాచుకుంట కూసుండేది. లక్క మెత్తబడాలె, కర్రకు చుట్టాలె, సల్లారకముందే గాజు గుండ్రంగ తిరగాలె. చేతికి పని ఉన్నంతసేపు ఇరుగుపొరుగోళ్ల నోర్లకు గూడ పని ఉండేదే. ఆ పొద్దు పక్కింటి చంద్రమ్మ గడపల నిలబడి, "నీ బొగ్గులు నేనెందుకు తీస్తనే? నా మీద ఒట్టు!" అన్నది.

గోడ మొలకు వేలాడే నల్లకోటు ఖుళ్లుమని దగ్గింది.

చంద్రమ్మ కోటు దిక్కు ఒకసారి చూసి, కొంగుల కట్టుకున్న బొగ్గులు తీసి కుంపటి పక్కన పెట్టింది. "తీసిన తియ్. గిన్నిటికే గంత లొల్లి చెయ్యాల్నా నీ కోటు?" అనుకుంట పోయింది. కాశమ్మ నవ్వలేదు. ఆమె నవ్వక ఏడాది కావస్తున్నది.

ఆ కోటు వకీలు రామానుజంది. గుడి కైంకర్యం చేసుకునే ఇంట్ల పుట్టిండు గానీ, ఆయన పొద్దంతా పాతబస్తీల ఈ గాజుల గల్లీలనే గడిచేది. ఫీజు మాట ఎత్తకపోతుండె. కోర్టులల్ల ఉర్దూ పోయి ఇంగ్లీషు దిగుతున్న దినాలవి. ఏ భాషల అర్జీ రాసినా, మళ్ల కూసుండబెట్టి తెలుగుల చెప్పేటోడు. "వేలిముద్ర దేనికి వేస్తున్నావో నీకు తెలియాలి కదమ్మా" అనేటోడు. కలరా వచ్చిన ఏడు పెద్ద పెద్దోళ్లు ముక్కు మూసుకొని దూరం జరిగితే, ఈ అయ్యంగారు ధోవతి ఎగ్గట్టి మురికి మోరీలల్ల సున్నం చల్లిండు, రోగమొచ్చినోళ్లను భుజాన వేసుకొని దవాఖానకు మోసిండు. కోర్టుల మాత్రం ఎన్నడూ గొంతు పెంచలే. అబద్ధం చెప్పే సాక్షి ముంగట ఒక్కసారి దగ్గేటోడు, అంతే. సాక్షికి చెమటలు పట్టేవి.

గల్లీ జాగ మొత్తం తనదని బేగంబజార్ల గిన్నెల వ్యాపారం చేసే పురుషోత్తం సేఠ్ దావా వేసిండు. గల్లీ తరఫున రామానుజం నిలబడ్డడు. ఇగ గెలవననుకున్నడో ఏమో సేఠ్, ఓ పట్టపగలు కోర్టుకెల్లి వస్తున్న వకీలును గల్లీ మొదట్ల ఉన్న రాతి ద్వారం, కమాన్ కింద కట్టెలతోని కొట్టిచ్చిండు. గాజులు దుకాండ్ల ఇయ్యబోతున్న కాశమ్మ కండ్లార చూసింది. కొట్టినోళ్లు సేఠ్ గోదాం మనుషులని మొఖాలు పట్టి గుర్తువట్టింది. వకీలు పానం ఆమె ఒళ్లెనే పోయింది. ఉరుక్కుంట ఠాణాకు పోయి చెప్తే, "మెట్ల మీదికెల్లి జారి పడ్డడని సేఠ్ చెప్పిండు, నడుమ నువ్వెవరు?" అని ఎల్లగొట్టిండ్రు.

వకీలు భార్య అహల్య పుట్టింటికి పోయేటప్పుడు కోటు తెచ్చి కాశమ్మ చేతుల పెట్టింది. "ఆయన ఇంట్లో కన్నా మీ దగ్గరే ఎక్కువ ఉన్నారు కాశమ్మా. ఇదీ ఇక్కడే ఉండనీ" అన్నది.

రక్తం మరకలు ఉతికి మొలకు తగిలిచ్చిన దినంకెల్లే కోటు దగ్గుడు మొదలువెట్టింది. నీళ్లు కలపలేదన్న పాలోని ముంగట దగ్గింది. తాగొచ్చి తాగలేదన్న మొగోళ్ల ముంగటైతే రోజూ దగ్గింది. దాన్ల అంత నివ్వెరపోయేదేమున్నది? బతికున్నప్పుడు ఆయన చేసిన పనే గదా అని గల్లీ ఊకున్నది.

ఏడాది తిరిగేసరికి దావా ఆఖరి పేషీ వచ్చింది. గల్లీకి వకీలు లేడు. ఓడితే కాశమ్మ ఇల్లు పోతది, కుంపటి పోతది, అందరి నెత్తి మీద కప్పు పోతది. అది చాలదన్నట్టు సేఠ్ కబురు పంపిండు. గల్లీవాళ్లు పెట్టుకుంటున్న వకీల్ సాబ్ యాది సభకు అధ్యక్షుడు తనేనట, షామియానా గూడ తనే వేయిస్తడట!

సభ పనులు చూస్తున్న దర్జీ ఆగయ్యకు ఒళ్లు మండింది. "సిగ్గు శరం లేదా వానికి? గల్లీల అడుగుపెట్టనీ, కాళ్లు ఇరగ్గొడ్త!"

"రానియ్ అన్నా" అన్నది కాశమ్మ, లక్క తిప్పుకుంటనే. "కాళ్లిరిగితే దవాఖానకు పోయి బాగుపడ్తడు. నాకు గది సాలదు."

సేఠ్ వచ్చిండు. ఫోటోకు దండేసిండు. "రామానుజం నాకు అన్న లెక్క. కోర్టుల కొట్లాడినం గానీ దిల్ ఒక్కటే" అని కండ్లు తుడుసుకున్నడు. వాని నోట్ల మన్నువడ! ఒక్కరు చప్పట్లు కొట్టలే.

సభకొచ్చిన పెద్దమనిషికి శాలువ కప్పుడు రివాజు. ఆగయ్య శాలువ తేనే లేదు. కాశమ్మ ఇంట్లకు పోయి కోటు తెచ్చింది.

"సేఠ్, గరీబోళ్లం, శాలువలు మాకెక్కడివి? మా గల్లీల అన్నిటికన్న పెద్ద ఇజ్జత్ వకీల్ సాబ్ కోటే" అని వాని భుజాల మీద కప్పింది.

ఆ కోటు ఎసొంటిదో అక్కడ సేఠ్‌కు తప్ప అందరికీ ఎరుకే. చంద్రమ్మ కొంగు నోట్ల కుక్కుకున్నది.

సేఠ్ మురిసిపోయిండు. ఈ కోటుతోని కోర్టుల నిలబడితే, గల్లీవాళ్లే తన దిక్కు తిరిగిండ్రని జడ్జి అనుకుంటడు గదా! "క్యా బాత్ హై! పేషీకి గిదే తొడుక్కొస్త" అన్నడు.

"తొడుక్కో సేఠ్" అన్నది కాశమ్మ. "నీ కోసమే దాచిన."

పేషీనాడు సేఠ్ గుండీలన్ని పెట్టుకొని బోనెక్కిండు. ప్రమాణం చేసిండు. "జడ్జి సాబ్, ఈ జాగ మా తాతలది—"

ఖుళ్.

"వీండ్లందరు నాకు కిరాయి కడుతుండిరి—"

ఖుళ్ ఖుళ్.

దగ్గు కోటుకెల్లే వస్తున్నది, నొప్పి మాత్రం సేఠ్ రొమ్ములకు దిగుతున్నది. "చచ్చిన వకీలు నాకు అన్న లెక్క" అన్నడో లేదో, దగ్గు ఇగ ఊపిరికి సందియ్యలే. గుడ్లు తేలేసిండు. గుండీలు పట్టి గుంజిండు, ఒక్కటి ఊడలే. జడ్జి నీళ్లు తెమ్మన్నడు. బంట్రోతు కన్న ముందే కాశమ్మ చెంబు పట్టుకొని బోను కాడికి పోయింది. జడ్జి ఆమెను ఆపలేదు. ఆ దగ్గు ఆయన ఏండ్లకొద్ది విన్నదే.

సేఠ్ చెయ్యి చాపిండు. కాశమ్మ చెంబు ఎనుకకు గుంజుకున్నది.

"ముందు చెప్పు. వకీల్ సాబ్‌ను ఎవడు కొట్టిచ్చిండు?"

"మెట్లు... జారి..." మళ్ల దగ్గు. మొఖం నల్లబడ్డది. మోకాళ్ల మీద కూలబడ్డడు.

"ఎవడు?"

"నేనే! నేనే కొట్టిచ్చిన! నా గోదాం మనుషులే! జాగ నాది గాదు, నాది గాదు!"

దగ్గు టక్కున ఆగింది. జడ్జి వాని మాటలన్ని రాయించిండు. దావా కొట్టేసి పోలీసులను పిలిపిచ్చిండు. గల్లీవాళ్లు ఒకళ్లనొకళ్లు పట్టుకొని ఏడ్చిండ్రు. కాశమ్మ ఏడ్వలే. బేడీలు వేస్తుంటె సేఠ్ చెంబు దిక్కే చూసుకుంట, "అమ్మా, గొంతు ఎండిపోయింది, జర నీళ్లు..." అన్నడు.

కాశమ్మ వాని కండ్ల ముంగటనే చెంబెత్తి గటగట తాగింది. అడుగు దాక తాగి, మూతి తుడుసుకున్నది.

"కమాన్ కింద ఆయన గూడ నన్ను గట్లనే అడిగిండు సేఠ్" అన్నది. "అప్పుడు నా చేతుల గాజులు తప్ప ఏం లేకుండె."