పదకొండు ఎర్ర గీతలు

తలస్నానమనేది మానవుడు తన భవితవ్యాన్ని ఎదుర్కొనే ముందు ఆచరించదగిన మహత్కార్యం. కనుకనే ఆ ఉదయం క్రేన్ ఆపరేటర్ షాంపూతో మూడుసార్లు తల రుద్దుకున్నాడు. మెదడు పరీక్షకు జుట్టు శుభ్రంగా ఉండాలని ఆసుపత్రివారి ఆజ్ఞ. ఒక్కసారి చాలునని కూడా ఆ కాగితంలోనే ఉంది.

అభియోగం చిన్నది కాదు. నాలుగు రోజుల క్రితం, నలభై మీటర్ల ఎత్తున, ఉక్కు దూలాన్ని గాలిలో వేలాడదీసి, ఆయన అరనిమిషం పాటు రాతిబొమ్మయ్యాడు. సేఫ్టీ అధికారి రేడియోలో ఐదుసార్లు పిలిచినా పలకలేదు.

"నాకేం కాలేదండీ," అన్నాడు దిగివచ్చి.

"అదే మరి! స్పృహ తప్పినవాడికి తప్పినట్టు తెలీదు," అని అధికారి మూర్ఛవ్యాధి అనుమానమని రాసి పంపాడు. అది నిజమైతే ఇరవై రెండేళ్ల ఉద్యోగానికి నీళ్లొదులుకోవలసిందే. బాగున్నానన్న మాటే రోగలక్షణంగా నమోదయ్యాక, ఆయనకు తన మీద తనకే నమ్మకం సడలింది.

టెక్నీషియన్ తలంతా తీగలు అతికించి, కదలవద్దని చెప్పి, అద్దం అవతల కూర్చుంది. అరగంట తరువాత, మెదడు అలలను మనుషులకంటే వేగంగా చదవగల కంప్యూటర్ పదకొండు చోట్ల ఎర్ర గీతలు గీసి, మూర్ఛ కావచ్చునని సెలవిచ్చింది.

"ఆ ఎర్రవేంటమ్మా?" అంది వెంట వచ్చిన ఆయన భార్య, తెరవైపు చూస్తూ.

"డాక్టర్ గారు చెప్తారండీ."

"నీ మొహం చూస్తుంటేనే నాకు కాళ్లాడట్లేదు తల్లీ." భర్తవైపు తిరిగింది. "మీరు ఊరుకోండి. ఆ పెట్టెకేం తెలుసు మీ బుర్ర సంగతి? పాతికేళ్లుగా నాకే అంతు చిక్కలేదు."

ఆయన నవ్వబోయాడు. పెదవులు సహకరించలేదు.

డాక్టర్ యంత్రవాక్కును వేదంగా స్వీకరించే రకం కాదు. పరీక్షప్పుడు తీసిన వీడియో పెట్టించాడు. ఎర్ర గీత పడిన ప్రతిచోటా ఆపరేటర్ ఊపిరి బిగబట్టి, దవడ బిగించి ఉన్నాడు. అద్దం అవతల టెక్నీషియన్ చెయ్యి పైకి లేచి ఉంది.

"తెరమీద అలలు సరిచేసుకునేటప్పుడల్లా కాస్త ఆగమని చెయ్యెత్తానండీ," అందామె.

"ఆగమంటే పళ్లు కూడా బిగించాలా పెద్దాయనా? దవడ కండరం అదిరితే ఈ కంప్యూటర్ దాన్ని మెదడు అలే అనుకుంటుంది," అన్నాడు డాక్టర్.

"చెయ్యెత్తితే అన్నీ ఆపాల్సిందేనండీ. అది దిగేదాకా వేలు కూడా కదపకూడదు. పైనుంటే అదే పద్ధతి."

"మరి రేడియో?"

"దాన్నీ ముట్టుకోను."

"ఆ మాట అధికారికి చెప్పలేదేం?"

"నాకేం కాలేదనగానే ఆయన నాకు స్పృహ తప్పిందని తేల్చేశారండీ."

డాక్టర్ కలం మూత తీయలేదు. "ఆ రోజు కింద ఎవరైనా చెయ్యెత్తారా? అది ఎత్తినవాళ్ల నోటే తేలితేగాని మీరు బాగున్నారని సంతకం పెట్టను."

భార్య, క్రేన్‌కు కిందనుంచి చేతి సైగలిచ్చే సిగ్నల్‌మ్యాన్‌కు ఫోన్ కలిపి, స్పీకర్ నొక్కి, ఆ రోజు చెయ్యెత్తావా అని అడిగింది. గదిలో నలుగురూ ఊపిరి బిగబట్టారు.

"ఎత్తాను వదినా," అన్నాడతడు. "కళ్లలో ఎండ పడుతుంటే అడ్డం పెట్టుకోడానికి."